పుచ్చకాయ పగలడం పరీక్ష కాదు

మూడో గుండు దాకా చప్పుడు మామూలుగానే ఉంది. నాలుగోది మాత్రం పేలినట్టు లేదు. సీసా మూత ఊడినప్పుడు వచ్చేలాంటి మెత్తటి చప్పుడు, అంతే. భుజానికి తగిలే తోపు కూడా లేనట్టుంది, పెద్దాయన కొంచెం ఆశ్చర్యంగా తుపాకి వైపు చూసుకుని, తర్వాతి తూటా ఎక్కించడానికి గొట్టం కింద ఉండే పంపు పట్టును వెనక్కి లాగారు. నేను పక్క బెంచీ దగ్గర ఉన్నాను. "ఆగండి" అని అరిచాను. అదే క్షణంలో కాల్పుల మైదానం చూసుకునే రేంజ్ ఆఫీసర్ "సీజ్ ఫైర్", అంటే కాల్పులు ఆపండి అని కేక పెట్టాడు.

తుపాకి ఖాళీ చేసి, గొట్టంలోకి కడ్డీ దింపి చూశారు. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. ఆయన ఇంట్లో పోత పోసుకుని తెచ్చిన సీసం గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుని కూర్చుంది. ఇంకో రెండు సెకన్లు గడిచి ఉంటే ఐదో గుండు వెళ్లి దాన్ని గుద్దేది. అప్పుడు గొట్టం ఉబ్బేదో, చీలేదో, ఆయన ఎడమ చెయ్యి సరిగ్గా దాని మీదే ఉంది.

ఇది జరిగింది ఒహాయోలో, మా ఊరి క్లబ్బు రేంజిలో. ఆయనకు డెబ్బై దాటాయి. నాకు షాట్‌గన్ పట్టుకోవడం నేర్పిన మనిషి. అజాగ్రత్త మనిషి అని ఆయన్ని ఎవరూ అనరు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను. ఇంట్లో స్లగ్గులు చేసుకుని కాల్చి చూడటం మీద ఈ మధ్య కనిపిస్తున్న సరదా నాకు అర్థమవుతుంది. కానీ అందులో పరీక్ష అని పిలుస్తున్నదాన్ని పరీక్ష అనడానికి నేను ఒప్పుకోను. నా ఉద్యోగం ఒక ఫ్యాక్టరీలో విడిభాగాలను పరీక్షించడం. పదిహేనేళ్లుగా చేస్తున్నది అదే కాబట్టి ఈ మాట నాకు కొంచెం గట్టిగానే పట్టింపు.

స్లగ్ అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. షాట్‌గన్ తూటాలో మామూలుగా చిన్న చిన్న గుండ్లు గుప్పెడు ఉంటాయి. పిట్టలకు, పోటీల్లో గాల్లోకి ఎగరేసే మట్టి బిళ్లలకు అవి. వాటి బదులు ఒకే పెద్ద గుండు పెడితే అది స్లగ్. మన దగ్గర పన్నెండు బోరు అంటాం కదా, ఆ పన్నెండుకు అర్థం ఒక పౌండు సీసంతో ఒకే సైజు గుండ్లు పన్నెండు పోస్తే ఒక్కో గుండు పట్టే గొట్టం అని. లెక్క వేస్తే దాదాపు 18.5 మిల్లీమీటర్ల వ్యాసం, మన బొటనవేలంత లావు. అమెరికాలో బాగా అమ్ముడయ్యే స్లగ్ ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల పైన. గొట్టం నుంచి సెకనుకు సుమారు 490 మీటర్ల వేగంతో బయటికి వస్తుంది.

ఒహాయోలో చాలాకాలం జింకల గన్ సీజన్ అంటే షాట్‌గన్, స్లగ్గే. 2014 నుంచి కొన్ని రకాల రైఫిళ్లను కూడా అనుమతించారు గానీ, పాతవాళ్లు చాలామంది స్లగ్గును వదల్లేదు. రైఫిల్ గుండు చాలా దూరం పోతుంది, జనం ఉండే చదును నేలల్లో స్లగ్గే క్షేమం అన్నది ఆ నిబంధన వెనక ఉన్న నమ్మకం. పెన్సిల్వేనియా చట్టసభల కమిటీ కోసం 2007లో దీని మీదే ఒక అధ్యయనం చేశారు. తుపాకి పైకెత్తి పొరపాటున కాలిస్తే రైఫిల్ గుండే ఎక్కువ దూరం పోతుంది, అందులో ఆశ్చర్యం లేదు. కానీ నేలకు సమాంతరంగా కాల్చినప్పుడు స్లగ్ నేలను తాకి, ఎగిరి, మొత్తం మీద రైఫిల్ గుండు కన్నా ఎక్కువ దూరమే వెళ్లగలదని వాళ్ల లెక్కల్లో తేలింది. దాదాపు ఒక మైలు. స్లగ్గంటే దగ్గర్లోనే పడిపోయే బరువైన ముద్ద అనుకునేవాళ్లకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

ఇక ఇంట్లో తయారీ. ఇప్పుడు వీడియోల్లో చూస్తున్నవి రకరకాలు. ఏ ఆకారంలో పడితే ఆ ఆకారంలో పోత పోసినవి, మైనం కలిపినవి, ప్రింటర్‌లో అచ్చు తీసినవి, నాణేలు, బోల్టులు. ఎదురుగా పుచ్చకాయో, నీళ్ల క్యానో పెట్టి, స్లో మోషన్‌లో అది ముక్కలు కావడం చూపిస్తారు. "పనితీరు అదిరింది" అంటారు. చూడటానికి నాకూ బాగానే ఉంటుంది. అయితే 28 గ్రాముల ఏ వస్తువైనా ఆ వేగంతో తగిలితే పుచ్చకాయ పగులుతుంది. పగలకపోయే దారే లేనప్పుడు పగలడం వల్ల మనకు తెలిసిన కొత్త విషయం ఏమిటి? తప్పడానికి అవకాశం లేనిదాన్ని మా ఫ్యాక్టరీలో పరీక్ష అనరు, ప్రదర్శన అంటారు.

నిజమైన ప్రశ్న మొదట గొట్టం లోపల ఉంది. తూటా పేలినప్పుడు లోపల ఎంత ఒత్తిడి పుట్టింది? పన్నెండు బోరు మామూలు తూటాలకు అమెరికా పరిశ్రమ పెట్టుకున్న గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు. అమెరికా సైన్యం వాడిన థర్టీ-ఆట్-సిక్స్ రైఫిల్ తూటాకు అదే పరిమితి 60,000. షాట్‌గన్ గొట్టం అంత పలచగా, అంత తేలిగ్గా ఉండగలగడానికి కారణం ఈ తేడాయే. తూటాలోని తుపాకిమందు కాలే తీరు సూటి లెక్కకు లొంగదు. ఒత్తిడి పెరిగితే మందు ఇంకా వేగంగా కాలుతుంది, దాంతో ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. గుండు కొంచెం బరువైనా, గొట్టంలో కొంచెం బిగువైనా, తూటా మూతి మడత కొంచెం మారినా ఫలితం కొంచెమే మారుతుందన్న హామీ లేదు. అటువైపు కూడా అంతే. బిగువు చాలకపోతే మందు సరిగా అంటుకోదు, గ్యాస్ పక్కల నుంచి జారిపోతుంది, గుండు మధ్యలో ఆగిపోతుంది. మా పెద్దాయనకు జరిగింది అదే.

ఈ ఒత్తిడిని ఇంట్లో కొలవలేం. కొలిచేందుకు సెన్సర్ బిగించిన ప్రత్యేకమైన పరీక్ష గొట్టాలు ఉంటాయి, అవి ఉండేది తూటా కంపెనీల ప్రయోగశాలల్లో. రైఫిళ్లతో అలవాటున్నవాళ్లు కాలిన తూటా వెనక భాగం చూసి ఒత్తిడి అంచనా కడతారు. షాట్‌గన్ తూటాలో అది కుదరదు. పరిమితి దాటినా వెనక అంతా మామూలుగానే కనిపించవచ్చు. కాబట్టి "పది కాల్చాను, ఏమీ కాలేదు" అన్న మాటకు ఉన్న అర్థం ఆ పదికీ గొట్టం తట్టుకుందని మాత్రమే. ఎంత దగ్గరిదాకా వచ్చి ఆగిందో చెప్పేది ఏదీ ఆ పదిలో లేదు. నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది. గొట్టం బయట ఏం జరిగిందో కెమెరాలు పెట్టి చూపిస్తున్నారు. లోపల ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ప్రాణం మీదికి తెచ్చేది లోపల జరిగేదే.

ఆ రోజు నేను ఎందుకు అరిచానో చెప్పాలి. నేను పుట్టింది చిత్తూరు జిల్లాలో, వేరుశనగ పండే ఊళ్లో. అడవి అంచు కావడంతో పందులు రాత్రికి రాత్రి చేను దున్నేసి పోయేవి. మా జేజినాయనకు పంట కాపలా కోసం లైసెన్సు ఉన్న మూతి నుంచి మందు కూరే తుపాకి ఉండేది. మన 1959 ఆయుధాల చట్టంలోనే పంట రక్షణకు ఆ రకం తుపాకి లైసెన్సు ప్రస్తావన ఉంది. ఆయన దాన్ని పందిని చంపడానికి వాడగా నేను చూడలేదు, చప్పుడుకే వాడేవాడు. మంచె మీద పడుకుని రాత్రికి ఒకటో రెండో పేల్చేవాడు. పక్క ఊళ్లో ఒకాయనకు కుడిచేతికి రెండు వేళ్లు ఉండేవి కావు. ఒకసారి ఆయన తుపాకి పేలకుండా తుస్సుమందట, చీకట్లో పేలిందనుకుని దాని మీదే మళ్లీ మందు కూరాడట. ఆయన ఇంటికి వచ్చి పోయినప్పుడల్లా జేజినాయన నాతో ఒకే మాట అనేవాడు: "రేయ్, చప్పుడు మారితే తుపాకి నేలన పెట్టాల. ఏమయిందో తెలిసేదాకా ముట్టుకోగూడదు." నాకు అప్పుడు ఎనిమిదేళ్లో తొమ్మిదేళ్లో. ముప్ఫై ఏళ్ల తర్వాత ఒహాయోలో ఆ మెత్తటి చప్పుడు వినగానే నా నోట్లోంచి వచ్చిన కేక నాది కాదనిపించింది.

ఇంట్లో చేసేవాళ్ల పక్షాన చెప్పే వాదనలు రెండు ఉన్నాయి. రెండూ గౌరవించదగ్గవే.

ఒకటి, రీలోడింగ్. కాలిన తూటా డొప్పలను మళ్లీ నింపుకోవడం ఇక్కడ పాత అలవాటు. మట్టి బిళ్లలు కాల్చే పోటీదారులు ఏటా వేలల్లో నింపుకుంటారు. సొంత వాడకానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మే వ్యాపారానికే కావాలి. ఇది అంత ప్రమాదమైతే వాళ్లందరూ ఎలా బతికి ఉన్నారు అని అడుగుతారు. వాళ్లు బతికి ఉన్నది ప్రయోగాలు చేయరు కాబట్టి. ఏ డొప్ప, ఏ మందు, ఏ వాడ్ (మందుకూ గుండుకూ మధ్య పెట్టే అడ్డు), ఎంత బరువు అన్నది ప్రయోగశాలలో ఒత్తిడి కొలిచి అచ్చు వేసిన పట్టికలో ఉంటుంది. పట్టికలో ఉన్నది ఉన్నట్టు చేస్తారు. ఒక్క భాగం దొరక్కపోతే దగ్గరగా ఉన్న ఇంకోటి పెట్టరు, ఆ పూట నింపడం మానేస్తారు. సొంత ఆకారంలో స్లగ్ పోసినవాడికి ఆ పట్టిక లేదు. చేతిలో అవే పనిముట్లు ఉన్నా రెండూ వేరు వేరు పనులు.

రెండోది, కనిపెట్టినవాళ్లు అందరూ ఇలాగే మొదలుపెట్టారు కదా అన్న వాదన. దీని మీద నాకు మమకారం ఉంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో విలియం వాట్స్ అనే ఆయన తన ఇంట్లోనే అంతస్తులకు కన్నాలు పెట్టి, మీద బురుజు కట్టి, కింద గొయ్యి తవ్వి, కరిగించిన సీసాన్ని జల్లెడ లోంచి పైనుంచి నీళ్లలోకి వదిలాడు. కిందపడే లోపల చుక్కలు గుండ్రంగా మారి గట్టిపడతాయి. 1782లో పేటెంటు తీసుకున్నాడు. ఇలా తుపాకి గుండ్లు తయారుచేసే షాట్ టవర్లు ప్రపంచమంతా లేచాయి. ఇంటి ప్రయోగం అంటే అంతకన్నా ఏం కావాలి? కానీ ఆ షాట్ టవర్లలో నాకు నచ్చేది తర్వాతి దశ. తయారైన గుండ్లను వాలు బల్లల మీద దొర్లించేవారు. గుండ్రంగా ఉన్నవి సాఫీగా దొర్లి దూరం పోతాయి, వంకర ఉన్నవి వెనకబడతాయి. వాటిని తీసి మళ్లీ కరిగించేవారు. తమ సరుకు తప్పని తేల్చే ఏర్పాటు తయారీ లోపలే ఉంది.

స్లగ్గు సంగతీ అంతే. 1898లో విల్‌హెల్మ్ బ్రెన్నెకే జర్మనీలో ఒక రూపం తెచ్చాడు, గుండు వెనక వాడ్‌ను తగిలించి అది తోకలా పనిచేసేలా. 1931లో అమెరికాలో కార్ల్ ఫోస్టర్ ఇంకో రూపం తెచ్చాడు, ముందు బరువు, వెనక బోలు. రెండింటిలో కిటుకు ఒకటే. షటిల్ కాక్ ఎలా బరువైన ముక్కు ముందుకు పెట్టుకుని పోతుందో అలా. నున్నటి గొట్టం గుండును తిప్పదు, కాబట్టి గుండు తన బరువు అమరికతోనే తిన్నగా పోవాలి. ఫోస్టర్ స్లగ్ పక్కల ఉన్న ఏటవాలు గాడులు చూసి అవి గుండును గిరగిరా తిప్పుతాయని చాలామంది అనుకుంటారు. తిప్పేది చెప్పుకోదగ్గంత ఉండదు. గొట్టం మూతి దగ్గర ఇరుకుగా ఉన్నప్పుడు సీసం సులువుగా నలిగి దాటిపోవడానికే అవి ఎక్కువ ఉపయోగం. ఇంట్లో పోసుకునేవాళ్లు చాలామంది ఈ గాడులనే శ్రద్ధగా అనుకరిస్తారు, బరువు అమరికను పట్టించుకోరు. మా పెద్దాయన మూడో గుండు కాగితం మీద గుండ్రని కన్నం కాకుండా నిలువుగా పొడవాటి చీలిక చేసింది. అంటే గాలిలో పల్టీలు కొడుతూ, పక్కకు తిరిగి తగిలింది. పాతిక గజాలకే. మొదటి రెండు పక్కపక్కన పడ్డాయని అప్పటికే మేం సంతోషపడి ఉన్నాం.

ఆ సంతోషం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కంపెనీ తూటాలు వాడేవాళ్లు కూడా అందులో పడతారు. మూడు గుండ్లు కాల్చి, వాటి మధ్య దూరం కొలిచి, "నా తుపాకి ఇంత" అని చెప్పడం ఇక్కడ అందరికీ అలవాటు. మూడు గుండ్ల గుంపు మామూలుగా నిజం కన్నా చిన్నగా కనిపిస్తుంది. ఎక్కువ కాల్చే కొద్దీ అంచులకు పోయేవి బయటపడతాయి. గణాంకాల లెక్క ప్రకారం అదే తుపాకి, అదే తూటాతో మూడు గుండ్లకు సగటున 10 సెంటీమీటర్ల గుంపు వస్తే, పది గుండ్లకు దాదాపు 16 వస్తుంది. తుపాకి మారలేదు, తూటా మారలేదు, మనకు తెలిసింది పెరిగింది.

నేను నా తుపాకికి చేసుకున్న పరీక్ష చెబుతాను. నున్నటి గొట్టం, ఒకే కంపెనీ ఒక ఔన్సు ఫోస్టర్ స్లగ్గులు, ఒకే లాట్ నంబరు ఉన్న, అంటే ఒకే విడతలో తయారైన పెట్టెలు. బెంచీ మీద ఇసుక సంచులు, 50 గజాలు. పది గుండ్లు, ఐదేసి చొప్పున రెండు రోజులు. స్లగ్ తోపు గట్టిగా ఉంటుంది, ఒకే రోజు పది కాలిస్తే ఎనిమిదో గుండుకు నేనే కళ్లు మూసుకోవడం మొదలుపెడతాను, అప్పుడు పరీక్షిస్తున్నది తూటాను కాదు, నా భుజాన్ని. మొదటి రోజు ఐదూ 11 సెంటీమీటర్లలో పడ్డాయి. రెండో రోజువి కూడా అదే కాగితం మీద కలిపితే 17 అయ్యాయి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే భాగం సుమారు 20 సెంటీమీటర్ల పళ్లెమంత. అంటే బెంచీ మీద, చలి లేకుండా, టెన్షన్ లేకుండా, ఎదురుగా కదలని కాగితం ఉన్నప్పుడే నా దగ్గర మిగిలింది మూడు సెంటీమీటర్లు. ఆ రోజే 50 గజాలు దాటి కాల్చకూడదని నిర్ణయించుకున్నాను. స్లగ్ వంద గజాలు పోయేసరికి వేగం సెకనుకు 300 మీటర్ల దగ్గరికి పడిపోతుంది, శక్తి మూడో వంతుకు కొంచెం పైన మిగులుతుంది. గుండు కిందకీ దిగుతుంది. "వంద గజాలకు కూడా పనిచేస్తుంది" అని పెట్టె మీద ఉండొచ్చు. నా పది కన్నాల కాగితం మీద లేదు.

ఈ కాగితం పుచ్చకాయ వీడియో కన్నా నాకు ఎన్నో రెట్లు ఆసక్తిగా ఉంటుంది. ఎందుకు కుడికి పోయింది? గొట్టం వేడెక్కిందా? నేను చెంప సరిగ్గా ఆనించలేదా? ప్రయోగం చేయాలన్న కోరిక ఉన్నవాడికి ఇందులో జీవితానికి సరిపడా పని ఉంది. తెలియని ఒత్తిడిని ముఖానికి ఆరంగుళాల దూరంలో పెట్టుకోవాల్సిన అవసరం లేదు.

ఇంకో సంగతి, ఇది గరాజ్‌లో సీసం కరిగించేవాళ్లకు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, క్యాంపింగ్ పొయ్యి చాలు, అందుకే తేలిగ్గా తీసుకుంటారు. దుమ్ము బట్టలకు, చెప్పులకు అంటి ఇంట్లోకి వస్తుంది. చిన్నపిల్లల రక్తంలో సీసం ఇంత ఉంటే పట్టించుకోవాలి అని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెప్పే అంకెను 2021లో డెసిలీటరుకు 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కు తగ్గించారు. క్షేమమైన స్థాయి అంటూ ఏదీ తేలలేదు. మా ఇంట్లో అప్పుడు పాకే పిల్ల ఉంది. పెద్దాయన తన పాత మూసలు ఇస్తానంటే నేను వద్దన్నది మొదట ఈ కారణానికే.

ఇక్కడ ఉన్న మనవాళ్లకు ఒక మాట. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటా గానీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లే హంటింగ్ లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చినా ఇది వర్తిస్తుంది. "వీకెండ్ సరదాగా వెళ్లొచ్చాం" అని ఫొటోలు పెట్టే కుర్రాళ్లలో ఎంతమందికి ఇది తెలుసో అని నాకు నిజంగా భయం. నేను వీసా మీద ఉన్నప్పుడు ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేసి, లైసెన్సు తీసుకుని, ఆ తర్వాతే తుపాకి ముట్టుకున్నాను. ఇక ఇండియాలో ఉండి ఈ వీడియోలు చూసేవాళ్లకు చర్చే లేదు. లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం ఆయుధాల చట్టం కింద నేరం, శిక్ష ఏళ్లలో ఉంటుంది.

పెద్దాయన ఆ రోజు ఇంటికి వెళ్లేముందు చాలాసేపు కారులో కూర్చున్నారు. నేను వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డాను. "ఎప్పుడూ చప్పుడు వినేవాణ్ని. చెవులకు మఫ్‌లు, వయసుకు చెవుడు. వినబడలేదు" అన్నారు. ఆయన తెచ్చిన పెట్టెలో ఇంకా ఇరవై ఒకటి మిగిలి ఉన్నాయి. క్లబ్బులో పేలని తూటాలు వేసే డబ్బా ఉంటుంది. ఒక్కొక్కటే లెక్కపెట్టి అందులో వేశారు.

ఈ అక్టోబరులో ఇద్దరం మళ్లీ వెళ్లాం. కంపెనీ స్లగ్గులే, కొత్త లాట్ కాబట్టి కాగితం మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు ఆయన కాల్చడం తగ్గించారు. స్కోపు దగ్గర కూర్చుని ప్రతి గుండు ఎక్కడ పడిందో చెబుతూ, పుస్తకంలో రాస్తారు. ఆరో గుండు బాగా ఎడమకు పోయింది. నేనే కదిపాను, అది లెక్కలోకి వద్దన్నాను. ఆయన తల ఎత్తకుండానే రాసేశారు.